పరుగుకు ముందు రాత్రి

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. హాస్టల్లో పెరిగిన మనకు ఈ సామెత ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సిమెంటు గచ్చు మీద దుప్పటి పరుచుకుని, ట్రంకుపెట్టె పక్కన ముడుచుకుని, పక్కవాడి కాలు మన మీద పడినా లేవకుండా నిద్రపోయిన వాళ్లం మనం. అయితే ఆ సామెతకు నేనొక ముక్క కలపదలచుకున్నాను. నిద్ర సుఖం ఎరగకపోవచ్చు గానీ భయం మాత్రం ఎరుగుతుంది. తెల్లవారితే పరుగు పందెం ఉందంటే, అదే గచ్చు మీద అదే కుర్రాడికి కన్ను మూతపడదు.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు అందరిలాగే చదువు విలువ గురించి రాద్దామనుకున్నాను. కానీ స్కూలు ఆటల పోటీలకూ, పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షలకూ తయారయ్యే తమ్ముళ్లు మన హాస్టల్లో ఎప్పుడూ ఉంటారు. వాళ్లు కనిపించినప్పుడల్లా అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, ముందురోజు రాత్రి నిద్ర పట్టదు, ఏం చెయ్యాలి?" అందుకే దీని గురించి రాస్తున్నాను. ఒక్క రాత్రి సరిగా నిద్ర పట్టనంత మాత్రాన మనం ఓడిపోము, నిద్ర పట్టలేదే అన్న దిగులుతో ఓడిపోతాము అన్నది నా అభిప్రాయం. ఇది నేను పుస్తకాల్లో చదవకముందే ఓడిపోయి నేర్చుకున్నాను.

పదో తరగతిలో 1500 మీటర్ల పరుగుకు నన్ను నరసరావుపేట తీసుకెళ్లారు. ముందురోజు రాత్రి గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండయింది. చూసినప్పుడల్లా "ఇంకా మూడు గంటలే ఉంది, ఇంకా రెండు గంటలే ఉంది" అని లెక్క. పొద్దున్నే మత్తు వదలడానికి రెండు టీలు తాగాను. గీత దగ్గర నిలబడినప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే మాట: నాకు నిద్ర లేదు, ఒంట్లో శక్తి లేదు, ఉన్న కాస్తా అయిపోయేలోగా ముందుకు పోవాలి. విజిల్ పడగానే వంద మీటర్ల పందెంలా ఉరికాను. మొదటి రౌండులో నేనే ముందు. మూడో రౌండుకు కాళ్లు రాళ్లయ్యాయి. ఆఖరి నుంచి రెండోవాడిగా వచ్చి, గడ్డిలో కూర్చుని ఏడ్చాను.

మా పి.ఇ.టి. సారు పక్కన కూర్చుని అడిగారు, "రాత్రి నిద్ర పట్టలేదా?" అని. తల ఊపాను. "నాకూ పట్టేది కాదురా. నువ్వు ఓడింది రాత్రి కాదు, మొదటి రౌండులో" అన్నారు. ఆ మాట ఈనాటికీ నాకు గుర్తే.

మిత్రులారా, ఒకసారి ఆలోచించండి. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల వెలుగులో రాత్రంతా జాగారం ఉండి, తెల్లారి కాలినడకన ఊరు చేరినవాళ్లు మనలో ఎంతమంది లేరు? డిసెంబరు 31 రాత్రి చర్చిలో ఆరాధనకు మేలుకుని, కొత్త సంవత్సరం పొద్దున్నే క్రికెట్ ఆడినవాళ్లు ఎంతమంది లేరు? ఆ పొద్దున "నాకు నిద్ర లేదు, నా పని అయిపోయింది" అని ఎవరైనా అనుకున్నారా? మేలుకోవడం రెండు చోట్లా ఒకటే. ఒక చోట సంతోషంతో మేలుకున్నాం, ఇంకో చోట భయంతో మేలుకున్నాం, అంతే తేడా.

ఈ బాధ మన ఒక్కరిదే అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 283 మంది క్రీడాకారులను అడిగి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, అంతకుముందు ఏడాది కాలంలో ముఖ్యమైన పోటీకి ముందు కనీసం ఒక్కసారైనా సరిగా నిద్రపోలేదని 64 శాతం మంది చెప్పారు. మంచి పరుపులూ, కోచ్‌లూ ఉన్నవాళ్ల సంగతే ఇది. శాస్త్రవేత్తలు చెప్పేది ఏమంటే, ఒక రాత్రి నిద్ర తగ్గితే కండరాల బలం పెద్దగా తగ్గదు. పరుగు కష్టంగా ఉన్నట్టు మనసుకు ఎక్కువగా అనిపిస్తుంది. అసలు లెక్కలోకి వచ్చేది అంతకుముందు వారాల నిద్ర. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను 5 నుంచి 7 వారాలపాటు రాత్రికి పది గంటలు పడక మీదే ఉండమన్నారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో, 282 అడుగుల పరుగు సగటున 16.2 సెకన్ల నుంచి 15.5 సెకన్లకు తగ్గింది. చిన్న అధ్యయనమే అయినా మనకు పనికొచ్చే పాఠం. నిద్ర కూడా ధాన్యం లాంటిది, ముందే గాదెలో పోసుకోవాలి.

తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం గెలిచారు. ఆ పోటీలో ఏడు అంశాలు, రెండు రోజులు. నాలుగు అంశాలు ముగిసి, మూడు మిగిలి ఉండగా మధ్యలో ఒక రాత్రి వస్తుంది. ఆ రాత్రిని దాటుకుని వచ్చి, చివరన 800 మీటర్లు పరుగెత్తాలి. మనలాంటి వసతి గృహాల్లో పెరిగిన అమ్మాయి ఆ రాత్రిని దాటింది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మన పిల్లలకు పట్టని నిద్రలో పరుగు ఒక్కటే ఉండదు. 2022 నవంబరు కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కు నేనూ దరఖాస్తు పెట్టాను. ప్రిలిమినరీ 2023 జనవరిలో అయింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర గానీ మొదలు కాలేదు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తడానికి రెండేళ్ల ఎదురుచూపు! గుంటూరులో పరీక్ష ముందు రాత్రి అమ్మ ఫోన్ చేసి "నిద్రపో నాయనా" అంది. ఆమె ఆ రోజు తెల్లవారుజామునే లేచి మిరపకాయల కోతకు పోయి వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కౌలు బాకీ, చెల్లి ఫీజు, అమ్మ నడుము నొప్పి, అన్నీ నా పక్కనే పడుకున్నాయి. నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

అయితే ఈసారి గడియారం చూడలేదు. "కళ్లు మూసుకుని పడుకుంటే చాలు, నిద్ర దాని ఇష్టం" అనుకున్నాను. రెండు గంటలు పట్టిందేమో. పొద్దున రౌండుకు రెండు నిమిషాలు దాటకూడదన్నదే లెక్క పెట్టుకుని, మొదటి రౌండు నెమ్మదిగా పరుగెత్తి, సమయం మిగిలి ఉండగానే ముగించాను. తర్వాత తుది రాత పరీక్షలో మార్కులు చాలక ఉద్యోగం రాలేదు. అది వేరే సంగతి. కానీ ఆ రాత్రి మాత్రం నన్ను ఓడించలేదు.

తమ్ముళ్లకు నా సలహాలు కొన్నే. ముందు వారమంతా వేళకు పడుకోండి. ముందురోజు సాయంత్రం నుంచి టీ మానండి, దాని మత్తు ఐదు గంటలయినా సగం ఒంట్లోనే ఉంటుంది. రోజూ తినేదే తినండి. హాల్ టికెట్, బూట్లు పడుకోకముందే సర్దిపెట్టండి. సెల్‌ఫోన్ దూరంగా ఉంచండి. ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మింగవద్దు. ఎంతకూ నిద్ర రాకపోతే లేచి కాసేపు కూర్చోండి, దానితో కుస్తీ పట్టవద్దు.

పెద్దలకూ, తోటి విద్యార్థులకూ ఒక మనవి. హాస్టల్లో చదువుకు వేళ ఉంది, భోజనానికి వేళ ఉంది. నిద్రకూ ఆ మర్యాద ఉండాలి. పోటీకి వెళ్లే పిల్లవాడికి ఆ వారం లైటు, గోల లేని ఒక మూల, ఒక దోమతెర ఇవ్వండి. వాణ్ణి లేపే బాధ్యత ఇంకొకరు తీసుకోండి; "లేవలేనేమో" అన్న భయమే సగం నిద్రను తినేస్తుంది. ముందురోజు రాత్రి "నీ బతుకు దీని మీదే ఉంది" అని ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి. ఆ సంగతి వాడికి మనకంటే బాగా తెలుసు. ఇంటి బరువంతా మోస్తూ పరుగెత్తబోయే వాడికి ఆ ఒక్క రాత్రి మనం ఇవ్వగలిగింది కాస్త నిశ్శబ్దం.

తమ్ముళ్లూ, నిద్ర పడితే మంచిదే. పట్టకపోతే కంగారుపడకండి. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని వెళ్లండి. మొదటి రౌండు మాత్రం నెమ్మదిగా పరుగెత్తండి.

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ.