నెత్తిన పెట్టిన మూట



2002లో పదిహేడేళ్ళ అంబటి రాయుడు హైదరాబాదు తరఫున ఒకే రంజీ మ్యాచ్‌లో 210, అజేయంగా 159 పరుగులు చేసినప్పుడు, సిద్దిపేటలో మేము పేపరు చుట్టూ చేరి 'రేపటి సచిన్ మనవాడే' అని మురిసిపోయాము. 2007లో అతడు బోర్డు గుర్తింపు లేని ఐ.సి.ఎల్.లో చేరాడు. భారత్ తరఫున తొలి వన్డే ఆడేసరికి 2013 వచ్చింది. టెస్టు ఒక్కటీ ఆడలేదు. 'ఇంతేనా' అని పెదవి విరిచాము.

తీరా చూస్తే 55 వన్డేలలో అతని సగటు 47! తప్పింది అతని ఆట కాదు, మా అంచనా.

మన ఇండ్లలోనూ ఇదే జరుగుతున్నది. పదో తరగతిలో ఫస్టు వచ్చిన బిడ్డను అప్పుడే కలెక్టరని పిలుస్తాము. ఇంటర్‌లో మార్కులు తగ్గితే ఆ బిడ్డ మన ముఖం చూడలేకపోతుంది. బిడ్డలను మెచ్చుకుందాము. మన కోరికల మూట మాత్రం వారి నెత్తిన పెట్టవద్దు.