భూకంప పాఠం గోదావరి లోయలో మొదలుకావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్ల సంచాలకులకు,

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లా అడవుల అడుగున పుట్టి, హైదరాబాదు, విజయవాడల దాకా జనాన్ని ఉలిక్కిపడేలా చేసిన 5.3 పరిమాణపు భూకంపం, ఉభయ రాష్ట్రాల పాఠశాలల్లో ఈ విషయాన్ని ఎలా బోధిస్తున్నారో పరిశీలించుకోక తప్పని పరిస్థితి తెచ్చింది. తరగతిలో భూకంప పాఠం సాధారణంగా జపానుతోనో హిమాలయాలతోనో మొదలై, భూఫలకాల అంచులను చూపే పటంతో ముగుస్తుంది. దాంతో దక్కను పీఠభూమి కదలని నేల అన్న అపోహ పాఠంతోపాటే విద్యార్థి మనసులో పాతుకుపోతుంది. గోదావరి లోయనే మొదటి ఉదాహరణగా తీసుకొని ఈ పాఠాన్ని తిరిగి రాయించవలసిందని మండళ్లకు విజ్ఞప్తి.

రెండు పక్కలా పొడవాటి భ్రంశాలు, అంటే శిలలు తెగి ఒకదాని పక్కన ఒకటి జరిగిన పగుళ్లు, ఏర్పడి నడిమి భాగం కుంగిపోతే దాన్ని పగులు లోయ అంటారు. ప్రాణహిత, గోదావరి వెంబడి ఉన్నది అటువంటి ప్రాచీన లోయే. అది కుంగినచోట కోట్ల ఏళ్ల కిందట పేరుకున్న గోండ్వానా శిలల్లోనే సింగరేణి బొగ్గు ఉంది కనుక, మణుగూరులోనో భూపాలపల్లిలోనో చదువుకొనే పిల్లలకు బొగ్గు, భూకంపం ఒకే పాఠంలో కలిసి వస్తాయి. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతున్నందువల్ల పుట్టే ఒత్తిడి ఫలకం లోపలి పాత పగుళ్ల మీదా పడుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతాన్ని కుదిపిన 5.7 పరిమాణపు భూకంపమూ ఈ లోయలోదే.

పాఠం మరింత శ్రద్ధ పెట్టవలసిన చోటు తెలుగు మాటల్లోనే ఉంది. పత్రికలు ‘రిక్టర్ స్కేలుపై 5.3 తీవ్రత’ అని రాస్తాయి, నిజానికి 5.3 అన్నది పరిమాణం, అంటే పగులు దగ్గర విడుదలైన శక్తికి కొలమానం, ఒక భూకంపానికి ఒక్కటే. తీవ్రత అన్నది ఫలానా ఊళ్లో నేల ఎంత ఊగింది, గోడలు ఎంత దెబ్బతిన్నాయి అన్నదానికి కొలమానం, ఊరూరికీ మారుతుంది. పరిమాణం ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిని నేలమట్టం చేసిన 6.2 పరిమాణపు భూకంపం ములుగు భూకంపానికి ఇరవై రెట్లకు మించిన శక్తి కలది. అయినా అక్కడ వేలాది ప్రాణాలు పోవడానికి శక్తి ఒక్కటే కారణమనలేము; మట్టితో పేర్చిన బరువైన రాతిగోడల కింద, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ జనం నిద్రలో ఉన్నారు. అప్పటి భూకంప మండల పటంలో ఆ ఊరు అతితక్కువ ప్రమాదం గల ఒకటో మండలంలో ఉండేదన్న సంగతి కూడా పాఠంలో ఉండాలి, ఎందుకంటే పటం అప్పటివరకు తెలిసినదాన్నే చూపుతుంది.

కొలత నేర్పడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పొడవాటి మెత్తని స్ప్రింగును ఇద్దరు పిల్లలు తరగతి నేలమీద చెరో కొసన పట్టుకొని, ఒకరు ముందుకు నెడితే చుట్లు దగ్గరై, దూరమై సాగే అనుదైర్ఘ్య తరంగం, పక్కకు ఊపితే పాములా మెలికలు తిరిగే తిర్యక్ తరంగం కనిపిస్తాయి. భూకంపంలో మొదటి రకానికి చెందిన ‘పి’ తరంగాలు ముందు చేరుతాయి, రెండో రకానికి చెందిన ‘ఎస్’ తరంగాలు వెనక వస్తాయి. ఈ రెంటి నడుమ గడిచిన సెకన్లను ఎనిమిదితో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరాన పుట్టిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ములుగు అడవులకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న హైదరాబాదులో ఆ వ్యవధి పాతిక సెకన్లు దాటుతుందని తొమ్మిదో తరగతి విద్యార్థి తానే లెక్కగట్టగలడు.

భూకంపాన్ని ముందే చెప్పగలమనే వదంతులకు తరగతిలోనే జవాబు ఉంది. గరుకు కాగితం పరిచిన బల్లమీద ఇటుక పెట్టి, దానికి కట్టిన సైకిల్ ట్యూబు ముక్కను మెల్లగా ఒకే వేగంతో లాగితే, ట్యూబు సాగుతూనే ఉంటుంది, ఇటుక మాత్రం కదలదు. ఒత్తిడి పేరుకున్న పగులులాగే, ఉన్నట్టుండి ఒక్క ఉదుటున జరిగి మళ్లీ ఆగుతుంది. ఎంత లాగాక కదిలింది, ఎంత దూరం దూకింది అని పిల్లలు ఇరవైసార్లు పట్టికలో రాసుకొని చూస్తే ఏ రెండు వరుసలూ సరిగ్గా ఒకేలా ఉండవు. తర్వాతి గెంతు ఎప్పుడన్నది ఆ పట్టికనుబట్టి చెప్పగలరేమో వారినే ప్రయత్నించనివ్వాలి.

నేల ఊగినప్పుడు బల్లకింద దూరి, తల కాచుకొని, బల్లకాలు పట్టుకోవాలన్న సూచన ఇప్పటికే పలుచోట్ల చెబుతున్నారు. భూకంపం ఎప్పుడొస్తుందో ముందే తెలియదు కనుక ఆ సాధనను ఏడాదికి రెండుసార్లయినా చేయించాలి.

ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాదులోనే ఉన్నందున, ములుగు భూకంపం నాటి నమోదు గీతలను ఆ సంస్థనుంచి కోరి తెచ్చి పాఠ్యపుస్తకంలో అచ్చువేయించాలనీ, పై ప్రయోగాలను శిక్షణ తరగతుల్లో ఉపాధ్యాయులచేతనే చేయించాలనీ మండళ్లకు మనవి. పరీక్షలో భూకంపానికి నిర్వచనం అడగడం మాని, మూడు నమోదు కేంద్రాల్లో పి, ఎస్ తరంగాలు చేరిన సమయాలనూ, తెలుగు రాష్ట్రాల పటాన్నీ, ఒక వృత్తలేఖినినీ ఇచ్చి, భూకంపం ఎక్కడ పుట్టిందో గుర్తించమని అడగాలి.