గర్భస్రావ చట్టము: గడువు సమ్మతమే, జాప్యము సమ్మతము కాదు

గత మాసమున మన సంఘ కార్యాలయమునకు రెండు లేఖలు వచ్చినవి. మొదటిది మన షోలాపురపు పెద్దలలో ఒకరు వ్రాసినది. గర్భస్రావమునకు ఎట్టి గడువులోనైనను అనుమతినిచ్చు చట్టము అధర్మమనియు, సంఘము దానిని ఖండింపవలెననియు వారి అభిప్రాయము. రెండవది కళాశాలలో చదువుకొనుచున్న మన యువతి ఒకతె వ్రాసినది. స్త్రీ శరీరమునకు వారముల లెక్క కట్టుటకు పార్లమెంటునకు అధికారమెక్కడిదని ఆమె ప్రశ్న. ఇరువురును చివరకు ఒకే మాటకు వచ్చినారు: ఇది రాజీ చట్టము, రాజీని అంగీకరింపరాదు.

మేము ఇరువురితోను విభేదించుచున్నాము. దేశమంతటికి ఒకే చట్టము, అందులో ఒక గడువు, ఆ గడువునకు కొన్ని మినహాయింపులు: ఈ రాజీ మాకు సమ్మతమే. అయితే ఈ రాజీని ఆసుపత్రి గుమ్మమువద్ద భంగపరచి, ఆ తప్పును స్త్రీ నెత్తిన మోపు పద్ధతి మాకు ఎంతమాత్రమును సమ్మతము కాదు. ఈ రెంటికిని గల భేదమును మన కుటుంబములు గ్రహింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన పాఠశాలలు, మన భాష, మన ఓట్లు అను విషయములు విడిచి ఇదియేమి ప్రస్తావన యని కొందరు నొసలు ముడువవచ్చును. ఈ పత్రిక వచ్చు ప్రతి ఇంటిలోను స్త్రీలున్నారు. మరమగ్గముల చప్పుడులో బీడీలు చుట్టుకొని సంసారమును ఈదుచున్న తల్లులున్నారు. వారి ప్రాణమునకు సంబంధించిన చట్టమును గూర్చి మాటాడుటకు సిగ్గుపడు సంఘమునకు వారి పిల్లల చదువును గూర్చి మాటాడు అర్హత యెక్కడిది?

మొదట చట్టమేమో చూతము. 1860 నాటి శిక్షాస్మృతి గర్భస్రావమును నేరముగా నెంచెను. తల్లి ప్రాణరక్షణకు తప్ప మరే కారణమున చేసినను 3 ఏండ్లవరకు, గర్భమున శిశువు కదలిక తెలిసినపిమ్మట చేసినచో 7 ఏండ్లవరకు శిక్ష విధించెను. ఆ శిక్ష స్త్రీకిని వర్తించెను. ఆ నిషేధము శతాబ్దమునకు పైగా నిలిచినను గర్భస్రావములు నిలువలేదు. అవి చాటునకు పోయినవి, మొరటు చేతులలో పడినవి. స్త్రీలు చచ్చుచుండిరి. అందుచేతనే 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1966లో నివేదికనిచ్చెను. 1971లో గర్భవిచ్ఛిత్తి చట్టము వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను.

అది పుట్టుకతోనే రాజీ. పాత నేరము రద్దు కాలేదు; 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయసంహితలోను అది నిలిచియే యున్నది. 1971 చట్టము చేసినదేమనగా, కొన్ని కారణములకు, కొన్ని వారములలోపల, అర్హుడైన వైద్యుడు చేసినచో అది నేరము కాదనుట. అనగా స్త్రీ అడిగినంతనే లభించు హక్కు కాదు. వైద్యుని అభిప్రాయము కావలయును. తొలుత 12 వారములవరకు ఒక వైద్యుడు, 20 వారములవరకు ఇద్దరు వైద్యులు అంగీకరింపవలసియుండెను. 2021లో దీనిని సవరించినారు. ఇప్పుడు 20 వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. 20 నుండి 24 వారములవరకు కొందరు స్త్రీలకు మాత్రమే, ఇద్దరు వైద్యుల అభిప్రాయముతో, అనుమతి కలదు. అత్యాచారమునకు గురియైనవారు, మైనరు బాలికలు, గర్భవతిగా నుండగనే వైధవ్యమునో విడాకులనో పొందినవారు, వికలాంగులు మొదలగువారు ఆ జాబితాలో నున్నారు. శిశువునకు తీవ్రమైన అవయవలోపమున్నచో వైద్యమండలి అనుమతితో 24 వారముల పిమ్మటను చేయవచ్చును. తల్లి ప్రాణమును కాపాడుటకు వెంటనే చేయక తప్పనపుడు వారముల గడువే లేదు.

ఇక పెద్దలవారి మాట. భ్రూణహత్య మహాపాతకమని మన పూర్వులు చెప్పినమాట మేమెరుగని విషయము కాదు. ఆ విశ్వాసము గలవారు తమ ఇంట దానిని పాటింపవచ్చును. ఈ చట్టము ఎవ్వరిని గర్భము తీయించుకొమ్మని నిర్బంధింపదు. కాని ఒక మాట అడుగుచున్నాము. ఇది పాపమని సభలలో పలుకువారు, గర్భములోనిది ఆడపిల్ల యని తెలిసిన ఇంట ఏమి జరుగుచున్నదో ఎన్నడైన అడిగినారా? లింగనిర్ణయ పరీక్షలను నిషేధించు చట్టము 1994లో వచ్చినను, ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది బాలురకు 1991లో 945గా నున్న బాలికల సంఖ్య 2001 నాటికి 927కు పడిపోయెను. 2011లో ఇంకను తగ్గెను. ఆడపిల్ల వలదని చేయించునపుడు మౌనము, దిక్కులేని స్త్రీ అడిగినపుడు ధర్మశాస్త్రము: ఇది ధర్మమనిపించుకొనునా?

మన యువతి ప్రశ్నకు సమాధానము చెప్పుట ఇంతకంటె కష్టము, ఏలయన ఆమె మాటలో న్యాయము కలదు. అయినను గడువే వలదనుటను మేమొప్పుకొనలేము. ఆరవ నెల నిండువేళకు, నేటి వైద్యసహాయముతో, శిశువు వెలుపల బ్రతుకుటకు అవకాశము కలుగుచున్నది. 2023 అక్టోబరులో 26 వారములు దాటిన ఒక వివాహిత విషయమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులే మొదట అనుమతినిచ్చి, పిమ్మట భిన్నాభిప్రాయములు వెలిబుచ్చి, తుదకు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము నిరాకరించెను. అంత తూచి చూచువారికే తెగని ప్రశ్నను, అచ్చట ప్రశ్నయే లేదనుట సరికాదు. ఎచ్చటనో ఒక గీత గీయక తప్పదు.

పైగా గీసిన గీత కదలనిది కాదు. శిశువు అవయవలోపములు సాధారణముగా 18 నుండి 20 వారములలో చేయు స్కానింగులో బయటపడును. పాత 20 వారముల గడువులో అట్టి తల్లికి ఆలోచించుకొనుటకు దినములే మిగులకుండెను. శిశువునకు గుండెలోపమున్నదని మొరపెట్టుకొన్న దంపతులకు 2008లో బొంబాయి హైకోర్టు అనుమతి నిరాకరించెను. 13 ఏండ్లకు పార్లమెంటు ఆ దోషమును దిద్దెను. వివాహిత యనుమాటను తీసి, ఏ స్త్రీయైనను అని మార్చెను. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు 24 వారముల సదుపాయము అవివాహితలకును చెందునని తీర్పు చెప్పెను. రాజీని అంగీకరించినవారే దానిని మెరుగుపరచుకొనగలిగిరి. రాజీయే వలదని లేచిపోయినవానికి మరల బేరములో మాటాడు చోటుండదు.

దేశమంతటికి ఒకే చట్టముండుట మనవంటివారికి మరియు మేలు. మన ఆడపిల్ల పుట్టినిల్లు షోలాపురము, మెట్టినిల్లు కరీంనగరము. హోసూరు తెలుగువారి వియ్యము చిత్తూరుతో, బళ్లారివారిది అనంతపురముతో, బరంపురమువారిది శ్రీకాకుళముతో. రాష్ట్రమునకొక గడువున్నచో పొలిమేర దాటగనే హక్కు మారును. అమెరికాలో నేడు జరుగుచున్నది అదియే. 1973 నుండి దేశమంతటికి వర్తించిన రక్షణను అచ్చటి సుప్రీంకోర్టు 2022 జూన్ 24న తొలగించెను. టెక్సాసులో నున్న మన అమ్మాయికి తల్లి ప్రాణాపాయమువంటి కారణమునకు తప్ప దాదాపు పూర్తి నిషేధము. కాలిఫోర్నియాలో నున్న ఆమె చెల్లెలికి ఆ నిషేధము లేదు. ఇట్టి గతి మనకు వలదు.

ఇంతవరకు రాజీని సమర్థించితిమి. ఇక మా అభియోగమును వినుడు.

రెండేండ్ల క్రిందట మన పేటలో మరమగ్గముపై పనిచేయు ఒక యువకుడు జబ్బుచేసి పోయెను. అతని భార్య బీడీలు చుట్టును. అప్పటికే ఇద్దరు పిల్లలు. భర్త పోవునప్పటికి ఆమెకు 15 వారముల గర్భము. కర్మకాండ ముగిసినపిమ్మట, 18వ వారమున, ఆమె ఒక ఆసుపత్రికి పోయెను. భర్త సంతకము కావలెననిరి. భర్త లేడని చెప్పగా అత్తమామల సంతకము తెమ్మనిరి. వారు పెట్టలేదు. మరియొకచోట పోలీసుల ఉత్తరము తెమ్మనిరి. ఆమెకు మరాఠీ మాట అర్థమగును గాని కాగితము చదువలేదు. ఆమె మన సంఘమునకు వచ్చునాటికి 25 వారములు. మేము వెంటబెట్టుకొని పోగా, గడువు మీరినదని చెప్పి త్రిప్పిపంపిరి.

చట్టమేమి చెప్పుచున్నది? 18 ఏండ్లు నిండి, మనస్సు స్వస్థముగా నున్న స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలును. భర్త సంతకము అక్కరలేదు. అత్తమామల సంతకము అక్కరలేదు. పోలీసుల ఉత్తరము అక్కరలేదు. ఆమె పరిస్థితిని, ముందు రాగల పరిస్థితిని వైద్యుడు గణింపవచ్చును. గర్భవతిగా నుండగా వితంతువైన స్త్రీ యని నియమములలో ఆమెను చూచి వ్రాసినట్లే వ్రాసియున్నది. చట్టము ఆమె పక్షముననే యున్నది. చట్టమునకును ఆమెకును నడుమ బల్లవేసుకొని కూర్చున్నవారు ఆమెను రానీయలేదు. నాడు ఆమె మాతో అన్నమాట నేటికిని చెవులలో నున్నది: "అన్నా, ఆలస్యం నేను చెయ్యలేదు, వాళ్ళు చేసిండ్రు."

ఆమె బిడ్డను కన్నది. బిడ్డ ఆరోగ్యముగా నున్నాడు. వాని అన్నప్రాశనకు మేమును పోయితిమి. చూచితిరా, అంతయు మంచికే జరిగినదని పెద్దలనవచ్చును. బిడ్డను చూచి మేమును సంతోషించితిమి. కాని బిడ్డ ముద్దుగా నుండుటచేత అబద్ధపు సంతకములు అడిగిన గుమాస్తా నిర్దోషి కాడు. పెద్దపిల్ల బడి మానినది. తల్లి ప్రక్కన కూర్చుండి ఆకు కత్తిరించుచున్నది. ఆ లెక్కను ఎవరి ఖాతాలో వ్రాయవలెను?

మేము నూలు వ్యాపారులము. సరకు పంపుటలో తానే ఆలస్యము చేసి, గడువు మీరినది, నీ బయానా పోయినదని కొనువానితో చెప్పు వర్తకుని బజారులో నిలువనీయము. ఒక్క కట్ట నూలుకు తేదీ వేసి రసీదు వ్రాసి యిత్తుము. ఒక స్త్రీ బ్రతుకును నిర్ణయించు 24 వారముల లెక్కలో ఆమె మొదట గడప త్రొక్కిన దినమునకు ఒక చీటియైనను లేకపోవుట ఏమి న్యాయము?

కావున మా కోరికలు మూడు. ఒకటి, గర్భస్రావము కోరి వచ్చిన ప్రతి స్త్రీకి ఆ దినముననే తేదీతో చీటి యియ్యవలెను. నిరాకరించినచో కారణము వ్రాసి సంతకము చేయవలెను. రెండు, 24 వారములు దాటిన సందర్భములలో 3 దినములలో అభిప్రాయము చెప్పి, 5 దినములలో పని ముగింపవలెనని 2021 నియమములు వైద్యమండలిని ఆదేశించినవి. ఆ 5 దినముల కట్టడి 24 వారములలోపు వచ్చువారికిని వర్తింపజేయవలెను. అప్పుడు గడువును పెంచుమని అడుగనక్కరయే యుండదు. మూడు, ఎవరి సంతకము కావలెనో, ఎవరిది అక్కరలేదో తెలుపు పలకను మన పేటల ఆసుపత్రులలో మరాఠీతోపాటు తెలుగునను కట్టవలెను. ఈ విజ్ఞప్తిని తెలుగుననే పంపుటకు రాజ్యాంగపు 350వ అధికరణము మనకు హక్కునిచ్చినది. మన సంఘము అట్లే పంపనున్నది.

మన ఇండ్లలోను ఒక పని కలదు. మన స్త్రీలలో పెక్కుమంది నెల తప్పిన నాటినుండి లెక్కింతురు. వైద్యులు చివరి ముట్టు మొదటి దినమునుండి లెక్కింతురు. ఈ రెంటికి సుమారు 4 వారముల తేడా. నాలుగు నెలలు నిండినవని మన చెల్లెలు చెప్పునాటికి వైద్యుని కాగితముమీద 20 వారములు దాటియుండును. ఈ సంగతిని తల్లులు కూతుండ్రకు, అత్తలు కోడండ్రకు చెప్పవలెను. సంతకము కొరకు తిరుగుచున్న స్త్రీ యెవరైన నున్నచో సంఘమునకు కబురంపుడు. ఆమె పేరు వెల్లడి కాదు. వెల్లడించిన వైద్యునికి ఏడాదివరకు శిక్ష యని చట్టమే చెప్పుచున్నది.

రాజీ అనగా ఇరుపక్షములును కొంత వదలుకొనుట. పెద్దలు నిషేధమును వదలుకొనవలెను. యువతులు గడువులేని హక్కును వదలుకొనవలెను. ఇరువురును వదలుకొన్నపిమ్మట, మూడవవాడు బల్లవెనుక కూర్చుండి మిగిలినదానిని హరించుచుండగా చూచుచు ఊరకుండుట రాజీ కాదు. దానికి మా సమ్మతి లేదు.