నల్ల అద్దాలు, మసక చట్టం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగువారు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, హిజ్లీ వీధిన నిలిపిన కారు వేసవి మధ్యాహ్నానికి కొలిమిగా మారుతుంది. అద్దాలకు ఫిల్మ్ వేయించదలచిన కుటుంబం ముందున్నవి ప్రధానంగా రెండు రకాలు. చవకైన రంగు ఫిల్మ్ వెలుగును ఆపుతుంది గాని వేడిని అంతగా ఆపదు; పైగా కాలక్రమేణా వెలిసిపోతుంది. సిరామిక్ ఫిల్మ్ ఖరీదైనదే అయినా వెలుగును రానిచ్చి, ఎండ వేడిలో సుమారు సగాన్ని మోసే పరారుణ కిరణాలను అడ్డుకుంటుంది.

చట్టం కోరేదీ ఆ వెలుగునే: ముందు, వెనుక అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములన్నిటినీ నిషేధించి, మినహాయింపును జడ్, జడ్ ప్లస్ భద్రత గలవారికే పరిమితం చేసింది. 2020లో కేంద్రం నిబంధనను సవరించింది. దాని ప్రకారం ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్ చెల్లుతుందని 2024లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు బెంగాల్ కట్టుబడనక్కరలేదు. ఒకే కేంద్ర నిబంధనకు రాష్ట్రానికొక అర్థం ఉండటం పాలనా లోపం. దాని మూల్యం జరిమానా రూపంలో చెల్లించేది సామాన్యుడు.

కేంద్రం అన్ని రాష్ట్రాల పోలీసులకూ స్పష్టమైన ఆదేశం పంపాలి. అంతవరకు హిజ్లీ వాహనదారు ఫిల్మ్ వేయించకపోవడమే నిరపాయం. వేయించక తప్పదనుకుంటే లేత సిరామిక్‌నే ఎంచుకోవాలి. అద్దానికి సహజంగా ఉండే ఛాయనూ ఫిల్మునూ కలిపి కొలిపించాలి.