యాభై రూపాయల నేరం, పాతికవేల ప్రేమ

2025 ఆగస్టులో పదకొండు రోజుల వ్యవధిలో వీధి కుక్కలపై సుప్రీంకోర్టు నుంచి రెండు భిన్నమైన ఉత్తర్వులు వెలువడ్డాయి. ఢిల్లీలోనూ, దాని పరిసర నగరాల్లోనూ ఉన్న వీధి కుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయ కేంద్రాల్లో ఉంచాలనీ, తిరిగి వీధుల్లో వదలరాదనీ ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసిన కుక్కలను పట్టిన చోటనే వదలాలనీ, రేబిస్ సోకినవాటిని, సోకిందన్న అనుమానం ఉన్నవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం వేరుగా ఉంచాలనీ చెప్పింది. టెలివిజన్ చర్చలన్నీ పట్టాలా, వదలాలా అన్న రెండు మాటల మధ్యనే తిరిగాయి. రెండో ఉత్తర్వులోని మరో అంశం ఆ కేకల్లో ఎవరికీ వినిపించలేదు. అది దత్తత.

జంతుప్రేమికులు వీధి కుక్కలను దత్తత తీసుకోవాలనుకుంటే నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చనీ, ఎంచుకున్న కుక్కకు గుర్తింపు బిళ్ల వేసి అప్పగించాలనీ, అది తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత దరఖాస్తుదారుదేననీ ఆ ఉత్తర్వు పేర్కొంది. అదే ఉత్తర్వు, కోర్టును ఆశ్రయించిన జంతుప్రేమికుల్లో ఒక్కొక్క వ్యక్తి 25,000 రూపాయలు, ఒక్కొక్క స్వచ్ఛంద సంస్థ 2 లక్షల రూపాయలు వారం రోజుల్లో జమచేయాలనీ, లేకుంటే కేసులో ఇకపై వారి వాదన వినబోమనీ షరతు విధించింది. ఆ సొమ్మును వీధి కుక్కల కోసం వసతులు కల్పించడానికే వినియోగించాలన్నది నిజమే. ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. అయినా ఈ అంకె పక్కన మరో అంకెను పెట్టి చూడడం అవసరం.

1960 నాటి జంతు హింసా నిరోధక చట్టంలోని పదకొండో సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో ఒక జంతువును సహేతుక కారణం లేకుండా వదిలివేయడం నేరం. తొలిసారి ఆ నేరం చేసినవారికి విధించగల జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభై రూపాయలకు మించకుండా ఉండాలి. జరిమానాలను పెంచే సవరణ ముసాయిదాను కేంద్రం 2022 నవంబరులో ప్రజాభిప్రాయానికి పెట్టింది. అది చట్టరూపం దాల్చలేదు. పెంచుకున్న కుక్కను కారులో తీసుకెళ్లి ఊరి చివర దించివచ్చిన వ్యక్తికి గరిష్ఠంగా యాభై రూపాయలు. ఆ కుక్క పక్షాన మాట్లాడదలచిన వ్యక్తికి కనీసం పాతికవేలు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఈ దేశం ఇస్తున్న సమాధానం ఈ రెండు అంకెల మధ్యనే ఉంది.

‘అంత ప్రేమ ఉంటే మీ ఇంటికే తీసుకుపోండి’ అన్న ఎత్తిపొడుపు ఈ వివాదం పొడుగునా వినిపిస్తూ వచ్చింది. దాన్ని ఒక విధానంగా పరిగణించి లెక్క వేసి చూడవచ్చు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలు. 2011 జనాభా లెక్కల ప్రకారం కుటుంబాలు సుమారు 24 కోట్ల 67 లక్షలు. అంటే పదహారు కుటుంబాల్లో ఒకటి ఒక్కో కుక్కను తీసుకెళితే వీధులు ఖాళీ కావాలి. కాగితం మీద ఇది అసాధ్యంగా కనిపించదు. అయితే ఆ కుటుంబాల్లో ఒక్క గదిలో కాపురముండేవారు ఎందరు, అద్దె ఇళ్లలో ఉండేవారు ఎందరు, వలస పనులకు ఊళ్లు మారేవారు ఎందరు అని అడిగిన క్షణాన ఆ లెక్క చెదిరిపోతుంది. పైగా వీధిలోని ఆడకుక్క ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. శస్త్రచికిత్సలు సాగని నగరంలో దత్తత అంటే అడుగున చిల్లిని వదిలేసి పైనుంచి నీళ్లు తోడడమే.

అలాగని దత్తతను తీసిపారేయడానికి వీల్లేదు. సంఖ్యలో చిన్నదైనా, మరే కార్యక్రమమూ చేయలేని పనిని దత్తత చేస్తుంది. ఎవరిదీ కాని ప్రాణికి ఒక బాధ్యుణ్ణి నిలబెడుతుంది. టీకా ఎప్పుడు వేశారో, కరిస్తే ఎవరిని అడగాలో, జబ్బుపడితే ఎవరు వైద్యుడి దగ్గరికి తీసుకువెళతారో చెప్పగల ఒక పేరు, ఒక చిరునామా ఏర్పడతాయి. కనుక దత్తత దయాగుణానికి ఇచ్చే కితాబు కాదు, మందలింపుగా విధించే శిక్ష అంతకన్నా కాదు. అది ఒక పౌరుడికీ నగరానికీ మధ్య జరిగే ఒప్పందం. ఒప్పందమన్నాక రెండు పక్షాలుంటాయి. ఇక్కడ ఒక పక్షమే సంతకం చేస్తోంది.

ఆ ఒక్క పక్షం మోసే బరువేమిటో బయటివారికి తెలియదు. వీధిలో పుట్టిపెరిగిన కుక్కకు ఇల్లు మొదట ఆశ్రయంలా కనిపించదు, బోనులా కనిపిస్తుంది. తిరిగే ఫ్యాను, కుక్కరు ఈల, మెట్లు, మూసిన తలుపు, అన్నీ దానికి భయహేతువులే. మొదటి మూడు రోజులు మంచం కిందనుంచి కదలకపోవచ్చు, తిండి ముట్టకపోవచ్చు. ఇంటి వేళలు తెలియడానికి మూడు వారాలు, మనుషులపై నమ్మకం కుదరడానికి మూడు నెలలు పడుతుందని కుక్కలను కాపాడే కార్యకర్తలు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. ఈ లోగా గోమార్ల వల్ల వచ్చే జ్వరం, గజ్జి, కడుపులో పురుగులు బయటపడతాయి. పిల్ల అయితే పార్వో, డిస్టెంపర్ వంటి ప్రాణాంతక వ్యాధుల భయం ఉంటుంది గనుక ఇంట్లో ఉన్న ఇతర కుక్కలకు కొంతకాలం దూరంగా ఉంచాలి. మూడో నెలలో రేబిస్ టీకా, తరువాత ఏటా మరో మోతాదు, తగిన వయసులో శస్త్రచికిత్స తప్పనిసరి. ఇదంతా పది పదిహేనేళ్ల బాధ్యత. అంతకాలంలో ఒక మధ్యతరగతి కుటుంబం ఇళ్లు మారుతుంది, ఉద్యోగాలు మారుతుంది.

ఈ పదిహేనేళ్లలో నగరం ఆ కుటుంబానికి ఏమిస్తుంది? నివాసుల సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు జారీచేసింది. ఇల్లు అద్దెకిచ్చే యజమాని ‘కుక్కలున్నవారికి ఇవ్వం’ అంటే అద్దెదారుకు దిక్కు లేదు. మహాప్రస్థాన పర్వంలో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్న కథను ఈ వివాదంలో అందరూ తలచుకుంటారు గాని, అక్కడ ఇంద్రుడు చెప్పిన అభ్యంతరాన్ని ఎవరూ పట్టించుకోరు. కుక్కలున్నవారికి స్వర్గంలో చోటు లేదన్నది ఆయన మాట. నేటి నగరాల్లో ఆ నిబంధన ఇంద్రుడితో పని లేకుండానే అమలవుతోంది.

మరో చేదు నిజమూ ఉంది. దత్తత శిబిరాల్లో మగపిల్లలు ముందు పోతాయి. ఈనుతుందన్న భయంతో ఆడపిల్లలను ఇంటికి తీసుకువెళ్లేవారు తక్కువ. వాహనం కింద పడి కాలు పోయినవి, కళ్లు కనిపించనివి, వయసు మీరినవి మిగిలిపోతాయి. దత్తత పత్రంతో పాటే శస్త్రచికిత్స ఉచితంగా జరుగుతుందన్న హామీని నగరపాలక సంస్థ ఇవ్వగలిగితే ఆడపిల్లలపై ఈ విముఖత చాలావరకు తగ్గుతుంది. వ్యక్తుల మనసు మారాలని ఉపన్యసించడం కన్నా ఒక ఆపరేషన్ బల్లను నడపడం ప్రభుత్వానికి సాధ్యమైన పని.

వీధిలోకి కుక్కలు వచ్చే దారి పుట్టుక ఒక్కటే కాదు. జాతి కుక్కల వ్యాపారం మరో దారి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమావళి ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలనూ, ఆదివారపు సంతలనూ చూసినవారికి ఆ నియమావళి ఏ అల్మారాలో ఉందో చెప్పనక్కరలేదు. మంచు ప్రాంతాల హస్కీని కొని మే నెల ఎండకు వదిలేసే ఇళ్లకూ, రోడ్డు మీది కుక్కను తెచ్చుకునే ఇళ్లకూ చట్టం ముందు తేడా లేదు. 2020 ఆగస్టు 30 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి దేశీ జాతులను పెంచుకోమని ప్రజలను కోరారు. దేశీయతపై ఆ పిలుపు హర్షణీయమే. కానీ పేరున్న దేశీ జాతులకు దొరికిన గౌరవం, ఏ పేరూ లేని దేశీ కుక్కకు, అంటే ప్రతి వీధి మలుపులోనూ ఉన్న కుక్కకు, దొరకలేదు.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది ఎవరన్నదే అసలు రాజకీయ ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల గుంపు దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించాడు. పొట్టకూటికి నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి వాచ్‌మన్‌గా పనిచేస్తున్న వ్యక్తి కొడుకు. కాలినడకన తిరిగేవారు, ఆరుబయట ఆడుకునే పిల్లలు, తెల్లవారుజామున చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికులు, వీరే కుక్క కాటుకు ఎక్కువగా గురయ్యేవారు. వీరి భయాన్ని జంతుద్వేషంగా కొట్టిపారేసే జంతుప్రేమ అన్యాయమైనది. అదే సమయంలో వీధి కుక్కకు రోజూ ఇంత ముద్ద పెట్టేది కూడా చాలాచోట్ల ఈ వాచ్‌మన్లూ, టీకొట్లవారే. పేదలకూ కుక్కలకూ మధ్య యుద్ధమన్న చిత్రణ స్టూడియోల్లో పుట్టినదే తప్ప వీధిలో పుట్టినది కాదు.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్క కాట్లు నమోదయ్యాయి. రేబిస్ అనుమానిత మరణాలు 54 అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తల సర్వే మాత్రం ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని అంచనా వేసింది. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా నూరు రెట్లు. మరణాలనే లెక్కించలేని వ్యవస్థ కుక్కలను లెక్కించి, టీకాలు వేసి, దత్తత పత్రాలు రాసి, ఏటా తనిఖీ చేస్తుందని నమ్మడం కష్టం. బాధ్యతను వ్యవస్థ ఖాళీ చేసిన చోట తుపాకీ ప్రవేశిస్తుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో సుమారు ఇరవై వీధి కుక్కలను దుండగులు కాల్చి చంపారు. చంపడం వల్ల కుక్కలు తగ్గవన్నది కొత్తగా కనుక్కోవలసిన సత్యం కాదు. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల తరబడి చంపి, ఫలితం లేక, 1996లో శస్త్రచికిత్సల మార్గానికి మళ్లింది.

దారి లేదనడానికి లేదు. పొరుగున ఉన్న భూటాన్ 2009లో మొదలుపెట్టిన కార్యక్రమాన్ని పద్నాలుగేళ్లు వదలకుండా సాగించి, లక్షన్నరకు పైగా కుక్కలకు శస్త్రచికిత్స చేసి, దేశంలో స్వేచ్ఛగా తిరిగే కుక్కలన్నింటికీ శస్త్రచికిత్సలు, టీకాలు పూర్తయ్యాయని 2023 అక్టోబరులో ప్రకటించింది. పెంపుడు కుక్కలకు మైక్రోచిప్పులు అమర్చడం కూడా ఆ కార్యక్రమంలో భాగమే. వీధి కుక్కనూ ఇంటి కుక్కనూ ఒకే లెక్కలోకి తెచ్చిందన్నమాట. అది చిన్న దేశం, నిజమే. మన గోవా కూడా చిన్నదే. మూకుమ్మడి టీకాలతో 2021లో రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకుంది. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే రేబిస్ గొలుసు తెగుతుందన్న సూత్రం జిల్లాకూ వర్తిస్తుంది, మునిసిపాలిటీకీ వర్తిస్తుంది.

దత్తత ఈ నిర్మాణంలో పైకప్పు వంటిది. గోడలు లేకుండా అది నిలవదు. దత్తత తీసుకున్న ప్రతి కుక్కకూ ప్రభుత్వ పశువైద్యశాలలో శస్త్రచికిత్స, ఏటా రేబిస్ టీకా ఉచితం కావాలి. నిజంగా చేతకాని పరిస్థితి వచ్చినవారు కుక్కను రోడ్డు మీద కాకుండా కేంద్రానికి తిరిగి అప్పగించే వీలుండాలి. దానిని నేరంగా చూడరాదు. ఆ వీలున్నా కాదని వదిలేసినవారికి యాభై రూపాయల జరిమానా చట్టానికే అవమానం. అమ్మే ప్రతి జాతి కుక్కకూ చిప్పు, అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు ఉంటే వదిలివేత దానంతటదే తగ్గుతుంది. అద్దె ఒప్పందాల్లో పెంపుడు జంతువులపై గుండుగుత్త నిషేధాన్ని రాష్ట్రాలు నియంత్రించవచ్చు. వీటిలో ఏదీ సుప్రీంకోర్టు చేయవలసిన పని కాదు. శాసనసభలూ నగరపాలక సంస్థలూ చేయకపోవడం వల్లనే ఆ పని కోర్టు గుమ్మం ఎక్కింది.

రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసకు వ్యతిరేకంగా ప్రైవేటు బిల్లు తెచ్చినప్పుడు, ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చారు. 1960లో ఆ మాట నిలబడింది. కరుణ వ్యక్తుల ఇష్టానికి వదిలేసేది కాదు, రాజ్యం బాధ్యత కూడా అని నాటి పార్లమెంటు అంగీకరించిందని దాని అర్థం. ఆరున్నర దశాబ్దాల తరువాత రాజ్యం ఆ బాధ్యతను ఒక దరఖాస్తు ఫారంగా కుదించి పౌరుల చేతిలో పెడుతోంది. ఆ ఫారాన్ని నింపేవారు ఉన్నారు, ఇకముందూ ఉంటారు. వారి సంతకం కింద ప్రభుత్వ సంతకానికి వదిలిన గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.