ప్రకరణమే పదమునకు ప్రాణము



ఇటీవల భక్తులలో ఒక శుభపరిణామము కానవచ్చుచున్నది. కేవలము పారాయణముతో తృప్తిపడక, తాము చదువు శ్లోకమునకు అర్థమును స్వయముగా తెలిసికొనవలెనను జిజ్ఞాస పెరుగుచున్నది. చేతిలోని ఫోనులో మూలగ్రంథము కలదు. పదముపై వ్రేలు మోపినచో నిఘంటువు తెరచుకొనును. అర్థములు వరుసగా కనబడును. జిజ్ఞాస స్తుత్యమే. కాని ఆ వరుసలో మొదటిదానినో, తమకు నచ్చినదానినో గ్రహించి, అదియే ఋషిహృదయమని నిశ్చయించుకొని, పదుగురకు ఉపదేశించుట ప్రమాదకరము. నిఘంటువు ఒక పదమునకు సంభవించు అర్థములను చూపును. వానిలో ఏది ఇచ్చట వివక్షితమో చెప్పునది ప్రకరణము. ఈ భేదము నెఱుగక చేయు అర్థవిచారము, అర్థము తెలియక చేయు పారాయణముకంటె ఎక్కువ హాని చేయునని నా అభిప్రాయము. పారాయణము చేయువానికి, తనకు అర్థము తెలియదను వినయమైనను ఉండును.

శ్రీమద్భగవద్గీతలోని అక్షరశబ్దమునే పరిశీలింతము. తెలుగువారికి ఈ మాట వినగానే అక్షరాభ్యాసము, పలక, ఓనమాలు స్ఫురించును. ఆ అర్థము గీతలోను కలదు: పదవ అధ్యాయమున విభూతులను చెప్పుచు భగవానుడు అక్షరములలో అకారము తానని పలికినపుడు అక్షరమనగా వర్ణము. ఎనిమిదవ అధ్యాయారంభమున బ్రహ్మమెట్టిదని అర్జునుడు ప్రశ్నింపగా, పరమమైన అక్షరమే బ్రహ్మమని సమాధానము వచ్చినది. అదే అధ్యాయమున కొంత ముందునకు పోగా, ప్రయాణకాలమున ఉచ్చరింపవలసిన ఏకాక్షరము ఓంకారము. పదునైదవ అధ్యాయమున క్షరుడు, అక్షరుడు అను ఇరువురు పురుషులను చెప్పి, ఆ అక్షరునికంటెను తాను ఉత్తముడను గనుక పురుషోత్తముడనైతినని భగవానుడు ప్రకటించెను. అంతటను ఒకే అర్థమును పట్టుకొన్నచో ఏమగును? ఎనిమిదవ అధ్యాయమున పరబ్రహ్మమని చెప్పబడినదానికంటె గొప్పది మఱియొకటి పదునైదవ అధ్యాయమున ఉన్నట్లు తోచి, గీతయే పరస్పరవిరుద్ధమను భ్రాంతి కలుగును. ఇట్టి ప్రశ్నతో కలతచెందిన సాధకులు అరుదు కారు.

శంకరభగవత్పాదులు ఈ గ్రంథిని విప్పిన తీరు గమనింపదగినది. ఎనిమిదవ అధ్యాయారంభమున అక్షరమనగా ఓంకారమేమోయను శంకను వారే ఉత్థాపించిరి. పిదప రెండు గుర్తులను చూపిరి. మొదటిది: ఓంకారమును ముందు ప్రత్యేకముగా విశేషించి చెప్పనున్నారు గనుక ఇచ్చట దానిని గ్రహింపరాదు. రెండవది: పరమమను విశేషణము నిరతిశయమైన బ్రహ్మమునందే మిక్కిలి పొసగును. తరువాతి శ్లోకము ఒక సాక్షి, ప్రక్కనున్న విశేషణము మఱియొక సాక్షి. పదునైదవ అధ్యాయమునకు వచ్చునప్పటికి, అక్షరునికంటె ఉత్తముడైనవాడు వేఱుగా చెప్పబడుటచేత, అచ్చటి అక్షరము క్షరపురుషుని ఉత్పత్తికి బీజమైన భగవంతుని మాయాశక్తియని వ్యాఖ్యానించిరి. రామానుజాచార్యులు అదే స్థానమున ముక్తాత్మయని, మధ్వాచార్యులు శ్రీమహాలక్ష్మియని నిర్ణయించిరి. సిద్ధాంతములు భిన్నములు, ఫలితములు భిన్నములు. కాని ముగ్గురు ఆచార్యులలో ఎవ్వరును ఈ పదమునకు కోశములో ముందున్న అర్థమిదియని చెప్పి ఊరకుండలేదు. అందఱును పూర్వాపరములనే ఆశ్రయించిరి. మనము ఏ సంప్రదాయమునకు చెందినవారమైనను ఈ పద్ధతి మనకు ఉమ్మడి ఆస్తి.

బ్రహ్మసూత్రముల ప్రథమాధ్యాయమున అధికభాగము ఈ విచారమే. ఛాందోగ్యోపనిషత్తున, ఈ లోకమునకు గతియేదియని ప్రశ్న వచ్చినపుడు ఆకాశమని ఉత్తరము. ఆకాశమనగా లోకప్రసిద్ధమైన భూతాకాశమే గదా! తైత్తిరీయమున ఆత్మనుండి పుట్టినట్లు చెప్పబడిన ఆకాశము భూతాకాశమే. కాని ఛాందోగ్యమున సర్వభూతములును దానినుండియే పుట్టి దానియందే లయించునని, అది అన్నింటికంటె మహత్తరమని, అదియే పరమగతియని వర్ణింపబడినది. ఈ లక్షణములు పుట్టిన పదార్థమునకు పొసగవు. కావున ఆకాశశబ్దము అచ్చట బ్రహ్మవాచకమని ఆకాశాధికరణము నిర్ణయించినది. ఈ విధముగ, మిక్కిలి ప్రసిద్ధమైన అర్థము సైతము బలవత్తరమైన చిహ్నములు ఎదురైనచో తప్పుకొనవలసినదే.

వైయాకరణులు ఈ చిహ్నములను క్రమముగా పరిగణించిరి. భర్తృహరి వాక్యపదీయము ద్వితీయకాండమున సంయోగము, వియోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, లింగము, సామర్థ్యము, ఔచిత్యము, దేశము, కాలము, స్వరము మొదలగువానిని అర్థనిర్ణయహేతువులుగా పేర్కొనెను. ఉదాహరణములు సులభములు. రాముడు లక్ష్మణునితో కూడి వచ్చినచో దాశరథి. కార్తవీర్యార్జునునకు ఎదురుగా నిలిచినచో పరశురాముడు. చిత్రభానుడనగా పగటివేళ సూర్యుడు, రాత్రివేళ అగ్ని. హరిశబ్దమునకు అమరకోశమున విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, సింహము, అశ్వము, చిలుక, సర్పము, కప్ప మొదలుగా పదికి మించిన అర్థములు కలవు. శంఖచక్రములు తోడైనపుడు విష్ణువు తప్ప అన్యుడు కాడు. అదే హరిశబ్దము శ్రీమద్రామాయణమున సుగ్రీవుని సేనను చెప్పునపుడు వానరపరము. సుందరకాండ పారాయణపరులు ఆ పదము వచ్చినచోటనెల్ల విష్ణువును భావించుట భక్తికి భంగకరము కాకపోవచ్చును. కాని అచ్చట కథ మాత్రము నడువదు.

స్వరమొక్కటి మాఱినను ఏమగునో తెలుపుటకు వృత్రాసురవృత్తాంతము చాలును. ఇంద్రుని సంహరింపగల కుమారునిగోరి త్వష్ట హోమము చేసెను. ఇంద్రశత్రువను సమాసమును ఇంద్రుని శాతించువాడను అర్థము వచ్చు స్వరముతో పలుకవలసియుండగా, ఇంద్రుడు ఎవనికి శాతయితయో వాడను అర్థము వచ్చు స్వరముతో పలికెను. వర్ణములు అవియే. ఫలము విపరీతము.

తెలుగువారికి ఇంకొక విశేషమైన ఆపద కలదు. మన భాషలో తత్సమములు విస్తారము. సంస్కృతపదము కంటబడగానే ఇది మనకు తెలిసినదే యనిపించును. నిఘంటువును సైతము చూడము. ఉద్యోగమనగా మనకు జీతమునకు చేయు పని. భారతమున ఉద్యోగపర్వమనగా యుద్ధసన్నాహమునకు సంబంధించిన పర్వము. ప్రసాదమనగా మనకు పులిహోర, దధ్యోదనము. గీత ద్వితీయాధ్యాయమున ప్రసాదమనగా రాగద్వేషములు తొలగిన చిత్తము యొక్క నైర్మల్యము. శ్రద్ధయనగా మనకు పనిలో ఏకాగ్రత. శాస్త్రమున గురువేదాంతవాక్యములయందలి విశ్వాసము. కర్మకాండయనగానే మనవారు మరణానంతరక్రియలని తలచి, శుభకార్యమున ఆ మాట పలుకుటకే జంకుదురు. వేదమున అగ్నిహోత్రాది సమస్తకర్మలను బోధించు భాగమునకంతకును అది పేరు. ఎఱుగని పదము మనలను విచారమునకు ప్రేరేపించును. ఎఱిగినట్లుండు పదము నిద్రపుచ్చును.

ఇది పండితుల వినోదమని తేలికగా తలపరాదు. బిడ్డను కోల్పోయి ఆలయమునకు వచ్చిన తల్లితో, అంతయు నీ కర్మ, గీతలోనే ఉన్నదని పలుకువారు కలరు. ప్రారబ్ధసిద్ధాంతము శాస్త్రమున లేకపోలేదు. కాని గీత ద్వితీయ తృతీయాధ్యాయములలోని కర్మశబ్దము, కర్తవ్యవిముఖుడై కూలబడిన అర్జునునకు ఇకమీదట చేయవలసినదానిని చెప్పునది. గడచినదానికి శిక్ష విధించునది కాదు. లేవనెత్తుటకు చెప్పబడిన పదముతో పడినవారిని మఱల మొత్తుట ఎంతటి క్రౌర్యము! అట్లే తృతీయాధ్యాయమున కామమును మహాశత్రువని చదివి, గృహస్థునకు భార్యాబిడ్డల యోగక్షేమములను కోరుటయు పాపమని భయపడువారు కలరు. సప్తమాధ్యాయమున ధర్మమునకు విరుద్ధము కాని కామము తానేయని భగవానుడే పలికెను. అర్థనిర్ణయము చెడినచోట జీవితమును చెడును.

ఇంతవరకు ఉన్న పదమునకు అర్థమును ఎన్నుకొనుటను చెప్పితిని. సందర్భమునకు తగిన పదమునే ఎన్నుకొనుట రెండవది. దీనికి మీమాంసకులు ఊహయని పేరుపెట్టిరి; జైమినిసూత్రముల తొమ్మిదవ అధ్యాయము దీనికొఱకే. ప్రకృతియాగమున అగ్నిపదము కల మంత్రము, సూర్యుడు దేవతగా గల వికృతియాగమునకు వచ్చినపుడు అగ్నిస్థానమున సూర్యపదమును నిలుపవలెను. వ్యాకరణాధ్యయనమునకు గల ప్రయోజనములలో ఊహను పతంజలి మహాభాష్యారంభముననే పేర్కొనెను. మన నిత్యసంకల్పము దీనికి సమీపమైన స్థలము. సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, తిథి, శ్రీశైలమునకు మనమున్న దిక్కు - ఇవన్నియు నాటినాటికి, చోటుచోటునకు పూరింపవలసిన ఖాళీలు. బ్రహ్మచారికి, భార్యావియుక్తునకు సపత్నీకపదమును పలికించుట, అన్యదేశమున కూర్చున్నవానిచేత కృష్ణాగోదావరులమధ్య ఉన్నానని చెప్పించుట ఊహాలోపమే. విదేశములందలి పురోహితులు పలువురు ద్వీపవర్షనామములను మార్చి చెప్పుచున్నారు, అది ఉచితము.

ఈ సంకల్పమునందే మమ యను పదమొకటి కలదు. నాకు, నా యొక్క అని దాని అర్థము. ఈ కర్మ నాది, దీని బాధ్యత నాది యని యజమానుడు అంగీకరించు స్థానమది. అర్థము తెలియక, పురోహితుడు చెప్పుమన్నాడు గనుక పలుకుట ఆచారమై, చివరకు మొక్కుబడిగా పని ముగించుటను తెలుగున మమ అనిపించుట యనుచున్నాము. కర్మలో హృదయస్థానమైన పదము, హృదయము లేని పనికి పేరైనది. దీనికి యజమానులనే నిందింపజాలము. సంకల్పమునకు ముందు ఐదునిముషములు కేటాయించి దాని భావమును తెలుగున చెప్పుట పురోహితవర్గమువారమైన మా విధి.

భగవంతుడు భావగ్రాహి, పదములతో ఏమి పని యని కొందఱందురు. నామజపమునకు, ఆర్తితో చేయు ప్రార్థనకు ఆ మాట అక్షరసత్యము. కాని మనము ఒక గ్రంథమునుండి ధర్మమును గ్రహించి ఇతరులకు విధించునపుడు మన భావము ప్రమాణము కాదు, వాక్యము ప్రమాణము. అట్లని ప్రకరణమను పేరుతో స్పష్టమైన వాక్యమును ఇష్టానుసారము వంచుటయు తగదు. మంత్రవినియోగనిర్ణయమున శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య అను ఆఱింటిలో ముందుది బలీయమని మీమాంసకులు కట్టడిచేసిరి. అందు ప్రకరణము నాలుగవది మాత్రమే. రూఢి యుండగా ధాతువులను చీల్చి క్రొత్త యర్థములను సాధించుటకును ఇదియే సమాధానము. పంకమున పుట్టినదెల్ల పంకజము కాదు, పద్మమే పంకజము.

కావున జిజ్ఞాసువులకు నా విన్నపమిది. సందేహము కలిగిన పదము తగిలినపుడు వెంటనే కోశమును తెరువకుడు. ముందు ఆ ఘట్టమును ఆద్యంతము చదువుడు. ఎవరు, ఎవరికి, ఏ ప్రశ్నకు సమాధానముగా పలికిరో చూడుడు. ప్రక్కనున్న విశేషణములను, క్రియను గమనింపుడు. అదే గ్రంథమున ఆ పదము మఱియెచ్చట వచ్చినదో వెదకుడు. అటుపిమ్మట కోశమును, తుదకు మీ సంప్రదాయభాష్యమును ఆశ్రయింపుడు. అప్పటికిని సంశయము తీఱనిచో గురుముఖమున అడుగుడు. అంతవరకు ఆ పదముతో అన్యులకు తీర్పు చెప్పకుడు.

ఒక శ్లోకమునకు ఇంత కాలము వెచ్చింపవలెనా యని తోచవచ్చును. వెచ్చింపవలెను. దినమునకు నూఱు శ్లోకములను మమ అనిపించుటకంటె, ఒక్క శ్లోకమును మమ యని నిజముగా తనదిగా చేసికొనుట మేలు.

శుభం భూయాత్.