పాముపొడకు విరుగుడు మందుల కొట్టులోనే లేదు

బందరు, గుడివాడ, దివిసీమ రైతులకు మనవి



సార్వా వరిచేను దుబ్బు కట్టి పొట్టకొచ్చే వేళ నీటి మట్టానికి కాస్త పైన బూడిదరంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చలు కలిసిపోయి, పాము ఒంటిమీద పొడల్లా పైకి పాకుతాయి. మనం కొట్టుకు పరుగెత్తుతాం. పోయినేడూ ఇంతే, అంతకుముందూ ఇంతే.

ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం పేరు రైజోక్టోనియా సొలాని. కోతలైనా అది చావదు. చిన్న గోధుమరంగు గుళికలై మట్టిలో, మోళ్ళలో దాక్కుంటుంది. మళ్ళీ దమ్ము చేయగానే నీటిమీద తేలి దుబ్బును పట్టుకుంటుంది. దమ్ము తర్వాత మడి మూలలకు చేరే చెత్తను ఎత్తి దూరంగా తగలబెట్టమని పెద్దలు చెప్పింది ఇందుకే. పైసా ఖర్చు లేని ఆ పని ఎంతమందిమి చేస్తున్నాం?

ఈ రైజోక్టోనియాకూ శత్రువుంది. కాలిఫోర్నియా నిమ్మజాతి పరిశోధన కేంద్రంలో పనిచేసిన రిచర్డ్ వీండ్లింగ్, ట్రైకోడెర్మా అనే మరో శిలీంధ్రం దాని పోగులను చుట్టుకుని చంపేస్తుందని 1932లో ప్రకటించాడు. 1936 నాటికి నిమ్మజాతి నారుకుళ్ళు మీద అతని ప్రయోగాలూ అచ్చయ్యాయి. నారింజ నారును కుళ్ళబెట్టిందీ, మన వరిని పొడలు పొడలుగా ఎండబెడుతున్నదీ ఒకటే జాతి!

ఉన్నమాట చెప్పాలి. నిలవ నీటిలో ట్రైకోడెర్మాకు ఊపిరాడదు. అందుకే వరికి సూడోమోనాస్ అనే బాక్టీరియా పొడి మేలు: కిలో విత్తనానికి 10 గ్రాములు. ట్రైకోడెర్మా మినుముకు పట్టించండి. కోతకు ముందు వరిచేలో చల్లే మినుముకు దుక్కి ఉండదు, ఎరువు వేసే వీలుండదు. విత్తనానికి పట్టించిందే దానికి రక్ష. లంకల్లో పసుపు, కంద వేసేవారు 2 కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెలు కప్పి వారం పది రోజులు ఉంచి పొలంలో వేసుకోవచ్చు. తెగులు పైకెగబాకాక మాత్రం ఇవి ఆపలేవు. అప్పుడు రసాయన మందు కొట్టాల్సిందే. ముందుజాగ్రత్త పేరుతో కొట్టే పిచికారీలను ఆపమనే మా మనవి. మన చేల మురుగు ఎక్కడికి పోతుంది? చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ ఉన్నది ఆ దిగువనే కదా.

పోయిన ఏడాది మాలో ఒకరు కొన్న ట్రైకోడెర్మా ప్యాకెట్ రేకుల షెడ్డులో ఎండాకాలమంతా మగ్గినది. లోపల ప్రాణమున్న కణం మిగిలిందో లేదో! పాపం, నింద పడింది ట్రైకోడెర్మా మీద. నిబంధన ప్రకారం గ్రాము పొడిలో కనీసం 20 లక్షల సజీవ కణాలుండాలి. కార్బెండజిమ్ అనే రసాయన మందు పట్టించిన విత్తనానికే ట్రైకోడెర్మానూ పట్టిస్తే ఆ కణాలూ చస్తాయి.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇది: ఊడ్పులకు ముందే ప్రతి రైతు సేవా కేంద్రంలో తాజా జీవన మందులు చల్లని చోట నిల్వ ఉంచాలి. ప్రతి లాటునూ పరీక్షించి ఫలితం గోడకు అంటించాలి. కౌలు రైతుకూ అదే ధరకు ఇవ్వాలి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం, బందరు వ్యవసాయ పరిశోధన స్థానం మన ఊళ్ళ చేలల్లోనే, రైతుల ఎదుట, మందు వేసిన మడీ వేయని మడీ పక్కపక్కన చూపించాలి.

ఇవన్నీ అడగడానికి ఈసారి గ్రామసభకు రండి. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడనిదే డబ్బు ఇవ్వకండి.

ఇట్లు,
కొందరు డెల్టా రైతులు